మూడో మనిషి వచ్చేదాకా

ఈ ఉదయం తిరువూరు బస్టాండు బయట అరటిపండ్ల బండి పక్కన నిలబడి ఉండగా ఫోనులో డిగ్రీ ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను! అదీ ఫస్టు క్లాసులో! మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను. అంతలో బండి మీంచి బాగా మగ్గిన చక్కెరకేళి వాసన ముక్కుకు తగిలి, అరుపు గొంతులోనే ఉండిపోయింది. ఈ కబురు మొదట సుశీలమ్మగారికి చెప్పాలి. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ నడిపిన సైకిలు పందెం పూర్తిచేసిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఈ చక్కెరకేళులే పెట్టేవారు.

సుశీలమ్మగారిది మెయిన్ రోడ్డులో విత్తనాల కొట్టు. చదువుకునే రోజుల్లో కాలేజీ తరఫున సైకిలు పందాలకు వెళ్ళారట. పెళ్ళయ్యాక ఆగిపోయింది. యాభై దాటాక చుడీదారు వేసుకుని, బూట్లు కట్టుకుని మళ్ళీ ఎక్కారు. ఊరు కొన్నాళ్ళు నవ్వింది, ఆ తర్వాత ఆవిడ వెనకే బయల్దేరింది. చలికాలం ఆదివారాల్లో పొద్దున్నే పెట్రోలు బంకు దగ్గర మొదలై, గంపలగూడెం రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి తిరిగి రావాలి. ఎవరైనా రావచ్చు, ఏ సైకిలైనా తేవచ్చు. ఇంటర్‌లో ఉండగా నేనూ చేరాను. నాది బళ్ళో ఇచ్చిన బుట్ట సైకిలు. ప్రతివారం ఆఖరున వచ్చేది నేనే. అయినా మానలేదు. మా నాన్న షేర్ ఆటో నడుపుతారు, అమ్మ పత్తి కూలికి వెళ్తుంది. ఇంటి బయట నేను వస్తానని ఎవరో ఒకరు ఎదురుచూసే చోటు నాకు అదొక్కటే.

రెండో ఏడు పందెం పలచబడింది. ఎప్పుడూ సురేషే గెలిచేవాడు. పత్తి వ్యాపారి కొడుకు, గేర్ల సైకిలు. ఎలాగూ గెలిచేది వాడేనని జనం ముసుగుతన్ని పడుకోసాగారు. ఒక ఆదివారం వచ్చినవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమే. పందెం ఇక ఆగిపోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. సుశీలమ్మగారు మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "వచ్చేవారం నించీ జట్లు. ముగ్గురేసి. చీటీలు నేనే తీస్తాను. మూడో మనిషి గీత దాటితేనే జట్టు వచ్చినట్టు," అన్నారు.

"అదేంటండీ, మొదటివాడి టైమే కదా లెక్క!" అన్నాడు సురేష్.

"మొదటివాడిది ఇన్నాళ్ళూ లెక్కపెట్టాంగా. ఎంతమంది మిగిలారో చూడు."

నా చీటీ సురేష్‌తోనూ, బేకరీ వెంకట్రావు బాబాయితోనూ వచ్చింది. బాబాయి భారీ మనిషి. సురేష్ ముఖం మాడిపోయింది. "బేకరీ ఒకటి, బుట్ట ఒకటి. నాకింకేం కావాలి!"

"బాధపడకురా. ఆకలేస్తే బేకరీ ఉంది, పెట్టుకోడానికి బుట్టుంది," అన్నారు బాబాయి.

మొదటి వారం సురేష్ తన అలవాటుకొద్దీ దూసుకుపోయాడు. మేము ఈడ్చుకుంటూ వచ్చేసరికి వాడూ సుశీలమ్మగారూ వాదించుకుంటున్నారు. "నేనెప్పుడో వచ్చేశానండీ," అంటున్నాడు వాడు. "నువ్వింకా రాలేదు నాయనా. అదిగో, ఇప్పుడొస్తున్నావు," అంటూ ఆవిడ నా వైపు చెయ్యి చూపించారు. అందరూ గొల్లుమన్నారు. నేను తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాతి ఆదివారం వాడు కాస్త తగ్గి నడిపాడు, కానీ నాకు అదీ ఎక్కువే. ముందున్న రెండు వీపులనూ చూస్తూ పళ్ళబిగువున తొక్కాను. ఆగమని అడిగితే పరువు పోతుందని నోరు మెదపలేదు. ఒక మామిడితోట పక్కన కళ్ళు తిరిగి, దిగి, వాంతి చేసుకున్నాను. వాళ్ళు చూసుకోకుండా వెళ్ళిపోయారు. ఇక చాలు, ఇటునించిటే ఇంటికి పోయి మళ్ళీ రాకూడదనుకున్నాను. సైకిలు తిప్పేసరికి ఎదురుగా సైకిలు మీద వస్తూ సుశీలమ్మగారు.

"ఆగమని ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తామండీ? నా వల్ల వాళ్ళు ఓడిపోతారు."

"చెప్పకపోబట్టే ఓడిపోయారు. ముందున్నవాడికి వీపు మీద కళ్ళుంటాయా? నీకు నోరుందిగా. ఏదీ, అరిచి చూపించు."

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడే."

"ఆగండి," అన్నాను, నాకే వినపడనంత చిన్నగా. ఆవిడ ఒప్పుకోలేదు. మళ్ళీ అరిచాను. మూడోసారికి పక్క చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. "ఎవర్ని ఆపుతున్నావే పిల్లా? బస్సెళ్ళిపోయిందా?" అని ఒకావిడ కేకేసింది. సుశీలమ్మగారు హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వారు. ఏడుస్తున్న నేనూ నవ్వేశాను. ఇద్దరం పక్కపక్కనే తొక్కుకుంటూ బంకుకు చేరాం. మా జట్టు ఆ వేళ అందరికంటే ఆఖరు. అయినా అరటిపండు ఇచ్చారు.

ఆ పై వారం తోట దగ్గరికి రాగానే, "సురేషన్నా, తగ్గించు!" అని గొంతు చించుకున్నాను. వాడు వెనక్కి చూసి నిజంగానే తగ్గాడు. పక్కనించి వెంకట్రావు బాబాయి, "అమ్మయ్య! బతికించావే తల్లీ. ఇందాకట్నించీ నేనూ అందామనే చూస్తున్నా, పెద్దవాణ్ణి బావుండదని," అన్నారు. ఆ వేళ ముగ్గురం కలిసే గీత దాటాం. గెలవలేదు, ఆఖరూ కాదు. చలికాలం అయ్యేసరికి బంకు ముందు సైకిళ్ళు పెట్టడానికి చోటు చాలేది కాదు.

డిగ్రీకి విజయవాడ వెళ్ళాను. అంతా ఇంగ్లీషు. అకౌంట్స్ క్లాసులో మేడం చెప్పేది తలపైనించి పోయేది. నేనొక్కదాన్నే మొద్దుననుకుని, మానేసి వచ్చేద్దామని బట్టలు కూడా సర్దుకున్నాను. మర్నాడు క్లాసులో ఏమైందో తెలియదు, లేచి నిలబడి, "మేడం, కొంచెం ఆగండి. నాకు అర్థం కాలేదు," అన్నాను. ఆ వెంటనే వెనక బెంచీలన్నీ హమ్మయ్య అని ఊపిరి వదిలాయి. సాయంత్రం ఫోను చేసి చెబితే సుశీలమ్మగారు అడిగింది ఒకటే: "అయితే మీ క్లాసులో వెంకట్రావులు ఎంతమందేంటి?"

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఒక మధ్యాహ్నం, ఆవిడ కొట్లో కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగి పోయారు. నేను బస్సు దిగేసరికి అన్నీ అయిపోయాయి. ఇప్పటికీ ఆదివారం పొద్దున దానంతటదే మెలకువ వస్తుంది. ఇవాళ కొట్టు ముందు నించి నడిచి వస్తూ, అలవాటుగా లోపలికి తొంగిచూశాను. వాళ్ళబ్బాయి ఎవరికో మిరప విత్తనాలు తూస్తున్నాడు. ఆవిడ ఉండుంటే తక్కెడ వదిలేసి బయటికొచ్చేవారు. మార్కులు అడిగేవారు కాదు, ఎవరెవరికి చెప్పావని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

నాన్నకు ఆటో స్టాండులోనే చెప్పేశాను. ఎక్కినవాళ్ళందరికీ చెప్పుకుంటూ ఆయన గంపలగూడెం వెళ్ళిపోయారు. ఇంటికి వచ్చి, గుమ్మంలోనే మొదలుపెట్టాను. "అమ్మా, రిజల్టొచ్చింది! ఫస్టు క్లాసు! పీజీ ఎంట్రన్సు రాస్తా, కౌన్సెలింగులో సీటొస్తే హాస్టలు, స్కాలర్‌షిప్పుకి వేరే అప్లై చెయ్యాలి..."

"ఆగవే తల్లీ," అంది అమ్మ. "నీ మాటల వెనక పరిగెత్తలేకపోతున్నా. నాకు తెలిసేట్టు చెప్పు."

నేను టక్కున ఆగిపోయాను. ఇన్నేళ్ళూ నా చదువు గురించి ఏం చెప్పినా అమ్మ "ఆహా" అని తలూపి పొయ్యివైపు తిరిగేది. అర్థమైందనుకుని నా దారిన నేను సాగిపోయేదాన్ని. ఆగమని అమ్మ అడగడం ఇదే మొదటిసారి. ఫోను పక్కన పెట్టి, కింద కూర్చున్నాను. డిగ్రీ అంటే ఏంటి, ఎన్నేళ్ళు, ఈ ఫస్టు క్లాసు ఏంటి, ఇకమీదట ఏముంది, ఒక్కొక్కటే చెప్పాను. అమ్మ మధ్యలో ఆపి ఆపి అడిగింది. పొయ్యి మీద కూర అడుగంటింది. ఇద్దరం లేవలేదు.

చివరికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే నీ డిగ్రీ అయిపోయినట్టేగా?" అంది.

"ఇప్పుడు అయిపోయిందమ్మా," అన్నాను.