కృపాకర్ సారుకు అందని ప్రశ్న

చాంద్రాయణగుట్ట దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కృపాకర్ వెబ్ ఆర్కిటెక్చర్ చెబుతాడు. తండ్రి ఇస్సాకు ఆర్టీసీ డిపోలో మెకానిక్. తల్లిదండ్రులిద్దరూ పోయాక అఫ్జల్‌గంజ్ వెనక సందులో ఒక్కడే ఉంటున్నాడు. సంబంధాలు ఒకటి రెండు తప్పిపోయాయి. తర్వాత అడిగేవాళ్లే లేకపోయారు.

కొన్నేళ్లుగా అతని చెవులు మందగిస్తున్నాయి. స్టాఫ్ రూంలో అందరూ నవ్వితే ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వేవాడు. అలా నవ్వడం కష్టమనిపించి, టిఫిన్ డబ్బా పట్టుకెళ్లి ల్యాబులో తినడం మొదలుపెట్టాడు. పొగరనుకున్నారు. చెవుల సంగతి చెప్తే ఉద్యోగం పోతుందని అతని భయం.

జహీరాబాద్‌లో ఉండే అక్క కళావతి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేది. ఆమె ఏం చెప్పినా "ఆఁ, మంచిదక్కా" అనేవాడు. ఒకసారి ఆమె మాట మధ్యలోనే పెట్టేసింది. ఆ తర్వాత చేయలేదు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. తానే చేద్దామంటే, చేసి వినేదేముంది?

ఒకరోజు క్లాసులో కుకీల గురించి చెబుతున్నాడు. "మీకు పేజీ పంపినంక సర్వర్ మిమ్మల్ని మర్చిపోతది. మళ్లొస్తే కొత్తోళ్ల లెక్కనే. అందుకే మీ బ్రౌజర్ల ఒక గుర్తు పెడ్తది, గదే కుకీ."

ముందు బెంచీలో స్రవ్య లేచింది. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ల అమ్మాయి. "సార్, ఆ గుర్తు వేరేటోళ్లు దొంగిలిస్తే?"

పిల్లలు ఎప్పుడూ అడిగేదే అడిగిందనుకున్నాడు. "వస్తదమ్మా, పరీక్షల తప్పకుంట వస్తది."

క్లాసంతా పగలబడి నవ్వింది. స్రవ్య నవ్వలేదు. బోర్డు దగ్గరికొచ్చి తన ప్రశ్న రాసి, పక్కకు జరిగింది. కృపాకర్ ఆ అక్షరాలు చదివాడు. తర్వాత పిల్లల వైపు తిరిగాడు.

"నాకు సరిగ్గ వినబడ్తలేదు. మస్తు దినాలైంది. భయపడి చెప్పలే."

నవ్వు ఆగిందో లేదో ముఖాలు చూసి తెలుసుకున్నాడు. ఆగింది. మిగిలిన పీరియడంతా ఆ ప్రశ్నకే జవాబు చెప్పాడు.

తర్వాతి ల్యాబులో అతనే పని అప్పగించాడు. ఎవరైనా ప్రశ్న టైపు చేస్తే తన తెర మీద కనబడే పేజీ ఒకటి కట్టమన్నాడు. "మీ ప్రశ్న నా దగ్గరికి ఏ తొవ్వల వస్తది, ఏడ జమైతది, గదే మీ పాఠం." పేజీ సిద్ధమయ్యాక ఏనాడూ నోరు తెరవనివాళ్లూ అడగడం మొదలుపెట్టారు. స్టాఫ్ రూంలో మాత్రం ఏమీ మారలేదు. విషయం తెలిశాక ఒకరిద్దరు గట్టిగా అరిచి పలకరించారు. వారం తిరక్కుండానే అదీ మానేశారు. డిపార్ట్‌మెంటు పెద్ద జగదీశ్వర్ పిలిచి, వచ్చే ఏడాది ఉద్యోగం సంగతి తన చేతిలో లేదని కాగితం మీద రాసి చూపించాడు.

ఆ ఆదివారం కృపాకర్ జహీరాబాద్ వెళ్లాడు. అక్క గుమ్మంలోనే నిలబడి ఏదో అంది. దగ్గరికి జరిగి, మళ్లీ చెప్పమన్నాడు.

"మీ బావను దవాఖానల చేర్పించినమని ఏడ్సుకుంట చెప్తే, మంచిదక్కా అంటివి గదరా!"

అతను అరుగు మీద కూలబడ్డాడు. "అక్కా, నాకు వినబడ్తలేదే."

ఆమె గుమ్మం దిగింది. వచ్చి పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "గీ ముచ్చట ఫోన్ల చెప్తే ఏమైతుండె?"

"చెప్పినంక నువ్వేమంటవో నాకు వినబడది గదా."

లోపల మంచం మీద బావ కోలుకుని కూర్చున్నాడు. ముగ్గురూ కలిసి తిన్నారు.

తిరుగు బస్సులో పక్క సీటాయన ఊరు దాటకముందే ఏదో ముచ్చట మొదలుపెట్టాడు. కృపాకర్ ఈసారి తలూపలేదు. "భాయ్, నాకు వినబడది" అన్నాడు. ఆయన అయ్యో అన్నట్టు చెయ్యి ఆడించి, కిటికీ వైపు తిరిగాడు. బస్సు నగరంలోకి వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు.