కాలిన ఒడ్డునే మా మకాం

ప్రాణహిత మీద కాళేశ్వరం దాకా పడవలో పోవాలన్న పిచ్చి మా వదిన సుజాతది. అంటించుకున్నది నేను. గాలి నింపే ఇద్దరి పడవ కొని, మానేరు డ్యాంలో మూడు ఆదివారాలు తెడ్డు వేయడం నేర్చుకున్నాం. ఇక నది తెలిసిన మనిషి ఒకరు ముందుండాలి. ఫోన్‌లో అడిగితే ఇద్దరు పడవవాళ్లు "అడవి కాలుతున్నది, మేం రాం" అనేశారు. మిగిలింది చెన్నూరు అవతల చేపలు పట్టే మల్లక్క ఒక్కతే. ఆమె కూడా కాదంటే ఈ ఏడాదికి పడవ అటకెక్కాల్సిందే. అందుకే ఏప్రిల్‌లో ఒక శనివారం స్వయంగా బయల్దేరాం.

పొద్దున ఐదుంబావుకి కరీంనగర్ బస్టాండ్. ఆడవాళ్లం కాబట్టి జీరో టికెట్. మంచిర్యాలలో దిగి ఇడ్లీ తిని, ఇంకో బస్సులో పదిన్నరకి చెన్నూరు చేరాం. అక్కడి నుంచి షేర్ ఆటో. ఎదురుగా ఇప్పపూల మూటతో కూర్చున్న పెద్దాయన ఆరా తీశాడు.

"గీ ఎండల నది మీద ఏం పని బిడ్డా?"

"తిరగనీకి," అంది వదిన.

"ఇంట్ల చెప్పే వచ్చిండ్రా?"

ఆటో అంతా నవ్వింది. దారి పొడుగునా చెట్ల కింద నేల నల్లగా కాలి ఉంది, అక్కడక్కడా ఇంకా పొగ. నాకు లోపల గుబులు, వదిన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

మల్లక్క ఒడ్డున వల చిక్కులు తీస్తోంది. అరవై దాటిన మనిషి. వదిన గర్వంగా మ్యాప్ పరిచింది. వారం రోజులు కూర్చుని గీశాం దాన్ని. కాలిన చోట్లన్నిటికీ ఎర్ర ఇంటూ గుర్తులు, పచ్చగా ఉన్నచోట రెండు రాత్రుల మకాం.

"గిట్లయితే నేను రాను," అంది మల్లక్క.

ఇద్దరం ఉసూరుమన్నాం. "ఎందుకక్కా?" అన్నాను.

"పచ్చగున్నకాడ కాలు మునిగేటంత ఎండాకున్నది. ఇప్పపూలు ఏరెటోళ్లు రాలిన పూలు కనవడాలని చెట్ల కింద మంట పెడుతరు. గాలి తిరిగితే యాడికి ఉరుకుతరు? కాలిన ఒడ్డుకే పండుకోవాలె చెల్లె. కాలింది మళ్ల కాలదు."

వారం రోజుల మా తెలివి అంతటితో సరి. సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది. అక్కడే కూర్చుని మకాంలన్నీ మార్చాం. దారిలో పొయ్యి వెలిగించొద్దంది, మూడు రోజులూ రొట్టెలు, తొక్కు, అటుకులేనంది. అన్నిటికీ తలూపాం. చేపల పులుసుతో కడుపునిండా అన్నం పెట్టింది గానీ, వస్తానని మాత్రం అనలేదు. "ఆలోచించి చెప్త," అంది.

మూడింటికి తిరుగు ఆటో ఎక్కాం. మీలో ఇలా పోవాలనుకునేవాళ్లు మ్యాప్ ఇంట్లో ఎంత బాగా గీసుకున్నా, ఒడ్డున బతికేవాళ్లకు చూపించకుండా పడవ దించకండి.

బస్సు సుల్తానాబాద్‌లో ఆగినప్పుడు ఫోన్ మోగింది. మల్లక్క! స్పీకర్ పెట్టాను.

"రోడ్డు పడ్డకాంచి కాళేశ్వరం బస్సులనే పోతున్న. నీళ్ల మీద అటు పోక ఇరవై ఏండ్లాయె. మీరొచ్చి అడిగి పోయినకాంచి నా పాణం నిలుస్తలేదు. వస్త గని, ముందు నా పడవనే ఉండాలె. దాటిపోతమంటే ఊకోను!"

"వస్తదట!" అని వదిన అరిచిన అరుపుకి బస్సంతా మావైపు తిరిగింది. నాకైతే సీట్లో కూర్చోబుద్ధి కాలేదు.

"ఎవరమ్మా, సుట్టాలా?" అన్నాడు కండక్టర్.

"మా అక్క," అంది వదిన.