బతుకమ్మ మీద సున్నుండ

మొన్న కిష్టారెడ్డిపేటల మిఠాయి దుకాణం ముంగట మినప్పప్పు వేగే వాసనొచ్చింది. సుభద్రమ్మ పెద్దమ్మ యాదికొచ్చింది.

నా చిన్నప్పుడు వాళ్లు ఫ్యాక్టరీ నౌకరీ కోసం కాకినాడ దిక్కుకెల్లి వచ్చి, పటాన్‌చెరుల మా ఇంట్ల కిరాయికున్నరు. వాళ్ల గోడ మీద తెల్లటోపీ పెట్టుకొని నవ్వే కొడుకు ఫోటో ఉండేది. రాఘవన్న నేవీల ఇంజన్ల కాడ పనిచేసేటోడు. సెలవుకొచ్చి పోయినప్పుడల్లా డబ్బా నిండ సున్నుండలు తీస్కపోయేటోడట. డెబ్బై ఒకటి యుద్ధంల ఓడ మునిగింది. మనిషి దొరకలే.

సద్దుల బతుకమ్మ నాడు నాయనమ్మను అడిగిన, చెరువుల ఇడిసిన బతుకమ్మ యాడికి పోతదని.

"చెరువులకెల్లి వాగుల, వాగులకెల్లి మంజీరల, ఆడికెల్లి గోదాట్ల, ఆఖరికి సముద్రంల కలుస్తది బిడ్డా."

పెద్దమ్మ కాడికి ఉరికిన. "రాఘవన్నకు ఏమన్న పంపుతవా? నా బతుకమ్మ సముద్రానికే పోతది."

పెద్దమ్మ పొయ్యి అంటించి మినప్పప్పు వేయించింది. సాయంత్రం ఒక్క సున్నుండను ఆకుల చుట్టి, నా బతుకమ్మ మీద తంగేడుపూల నడుమ పెట్టింది.

"తడవకుండా చూడు తల్లీ" అన్నది.

వారమైనంక అడిగిన, "అన్నకు ముట్టిందా పెద్దమ్మా?"

"ముట్టిందమ్మా."

చెరువుల ఇడిసిన బతుకమ్మలు ఎటూ పోవు, తెల్లారేసరికి ఒడ్డుకే కొట్టుకొస్తయి. పెద్దయినంక నాకు తెలిసింది. రోజూ ఆ చెరువుకే బట్టలుతక పోయే పెద్దమ్మకు మర్నాడే తెలిసి ఉంటది.

మరుసటేడు నేను అడగకముందే ఆమె ఇంట్లకెల్లి మినప్పప్పు వేగే వాసనొచ్చింది.