కొత్త నీళ్ళలో ఇరవై పరిగెలు

పై వాటాలో అద్దెకున్న కొత్త దంపతులు మొన్న ఆదివారం ఒక గాజుతొట్టె కొనుక్కొచ్చారు. మా ఇంటి మెట్లు అసలే ఇరుకు. ఆ తొట్టెను పైకి చేర్చేసరికి ఇద్దరికీ చెమటలు కారిపోయాయి. పావుగంట గడవకముందే ఆ అమ్మాయి కిందికి దిగొచ్చి కత్తెర ఉందా అంకుల్ అని అడిగింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, దాన్నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో ఎర్రవీ నల్లవీ కలిపి ఓ పన్నెండు చేపలు. సంచి మూతికి బిగించిన రబ్బరు ఊడి రావడం లేదట. తొట్టెలో నీళ్ళు ఎప్పుడు పోశారమ్మా అని అడిగాను. ఇంకా పోస్తున్నాం అంకుల్ అంది నవ్వుతూ. అడగందే సలహా చెప్పకూడదని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ నాకు నూరిపోసింది. నాకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు, ఇంకా ఒంటపట్టలేదు. ఇవాళే వెయ్యకండమ్మా, నీళ్ళు కుదురుకోవాలి అన్నాను. షాపులో ఏదో మందిచ్చారట, రెండు చుక్కలు చాలట. ఆ మాట చెప్పి నా వంక కాస్త జాలిగా చూసింది. కత్తెర ఇచ్చి పంపాను. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు కునుకు పట్టలేదు.

నేను ఉద్యోగంలో చేరింది అరవైల చివర్లో, కొత్తవలస స్టేషన్లో, సరుకుల ఆఫీసు గుమాస్తాగా. కిరండూల్ లైను అప్పుడే కొత్తగా వచ్చింది. ఇనపరాయి నింపుకున్న బళ్ళు పోతుంటే మా క్వార్టర్ల గోడలతో పాటు గూట్లో గిన్నెలు కూడా గలగలలాడేవి. మాది శ్రీకాకుళం అవతల ఒక వ్యవసాయం ఇల్లు. ఇంట్లో ఉండేది తొమ్మిది మంది, అన్నం వేళకు పదకొండు మంది అయ్యేవారు, ఆ అదనపు ఇద్దరూ ఎవరో మా నాన్నకే సరిగ్గా తెలిసేది కాదు. అలాంటి ఇంట్లో ఇరవై రెండేళ్ళు పెరిగి, ఒక గది, ఒక వంటచోటు, ఒక వరండా ఉన్న క్వార్టర్లో వచ్చి పడ్డాను. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెడితే, పొద్దున కాఫీ తాగి ఎక్కడ పెట్టిన గ్లాసు అక్కడే ఉండేది. మా ఇంట్లో పెట్టిన చోట పెట్టిన వస్తువు దొరకడం అనేది ఎప్పుడూ లేదు, దాని కోసం దెబ్బలాడుకునేవాళ్ళం. ఆ గ్లాసుని చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఇరవై రెండేళ్ళ మగవాడు గ్లాసుని చూసి ఏడ్చాడంటే ఎవరికి చెప్పుకుంటాం? ఎవరికీ చెప్పలేదు.

విజయనగరంలో చదివేటప్పుడు మా జంతుశాస్త్రం మాస్టారి గదిలో ఒక చేపల తొట్టె ఉండేది. గది నిశ్శబ్దంగా ఉన్నా, అందులో ఎవరో ఉన్నట్టే ఉండేది. అలాంటిది ఒకటి పెట్టుకుందామని బుద్ధి పుట్టి, మాస్టారిని వెళ్ళి అడిగాను. ఆయన సంతోషపడి గంటసేపు చెప్పారు. ఇసుక ఊరి పక్కన పారే గెడ్డలోంచే తెచ్చుకో, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు, సబ్బు మాత్రం దగ్గరికి రానివ్వకు. నాచుమొక్కలు నాటు, నీళ్ళు నింపు, నింపి మూడు వారాలు ఊరుకో. కంటికి కనపడకపోయినా నీళ్ళలో జరగాల్సింది జరుగుతుంది. ఆ తర్వాత రెండు చేపలు వెయ్యి, అవి హాయిగా ఉంటే ఇంకో నెలకు ఇంకో రెండు. మేత ఎప్పుడూ చిటికెడు మించకూడదు. ఇదీ ఆయన చెప్పింది. నేను పెద్ద బుద్ధిమంతుడిలా కాయితం మీద రాసుకున్నాను. పటాలకు అద్దాలు బిగించే ఆయన చేత ఇనప చట్రానికి గాజుపలకలు వేయించి, సందుల్లో లప్పం పెట్టించి, పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. బండిలో ఎదురుగా కూర్చున్న ముసలాయన, పెళ్ళికూతుర్ని తెచ్చుకుంటున్నట్టు తెచ్చుకుంటున్నావు అన్నాడు. మొదటి రోజు ఒక మూల కారింది. మళ్ళీ లప్పం పెట్టి, ఎండబెట్టి, గెడ్డ నుంచి రెండు బకెట్ల ఇసుక మోసి, ఇంటి వెనక నూతినీళ్ళతో నింపాను.

ఇక అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఈమె నాకేమీ చుట్టం కాదు. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లె ఆమెది, ఎండుచేపలు అమ్ముకునేది. బుధవారం సంతకు బస్సులో విజయనగరం, అక్కడి నుంచి పాసింజర్లో కొత్తవలస వచ్చి, మధ్యాహ్నానికి తట్ట ఖాళీ చేసుకుని, తిరుగు బండి వచ్చేదాకా నా వరండాలో కూర్చునేది. మొదటిసారి మంచినీళ్ళు అడిగింది. తర్వాత తర్వాత అడగడం మానేసి తనే లోపలికెళ్ళి ముంచుకునేది, సంతరోజున తాళంచెవి గుమ్మం పైన పెట్టి వెళ్ళడం నాకు అలవాటైంది. నేను భోజనానికి వచ్చేసరికి వరండా ఊడ్చి ఉండేది. నలభై దాటిన మనిషి, మొగుణ్ణి సముద్రం తీసుకుపోయింది, ఒక్క కూతురు పెళ్ళయి ఒరిస్సా ఒడ్డుకు పోయింది. ఇవన్నీ ఒక్కరోజున చెప్పలేదు, వారానికి కొంచెం చెప్పింది. నా అన్నం చూసి, ఉడకలేదని ఒకసారి, మాడిందని ఇంకోసారి తిట్టేది. వారంలో ఆరు రోజులు నేను ఆఫీసు మాటలు తప్ప మాట్లాడేవాణ్ణి కాదు, ఏడో రోజు తిట్లు తినేవాణ్ణి. ఆ తిట్ల కోసం మంగళవారం నుంచే ఎదురుచూసేవాణ్ణి.

చేపల్లేని తొట్టెను చూసి మా లైనులో వాళ్ళంతా నవ్వారు. పిల్లలు వచ్చి గాజుకి ముక్కు ఆనించి, ఏమీ కనబడక వెళ్ళిపోయేవాళ్ళు. అప్ప కూడా చాలాసేపు చూసి, ఏటి బాబూ, నీల్లని పెంచుతన్నావా అంది. నేను మాస్టారి మాట చెప్పాను. ఆమెకది సబబుగానే తోచింది, కానీ నాకే ఓపిక లేకపోయింది. తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దుట్నుంచి ఒక్క మనిషితో మాట్లాడలేదు. ఆ నీళ్ళ వంక చూస్తూ చూస్తూ ఉండలేక, ఒక తువ్వాలూ, బిందే పట్టుకుని గెడ్డకు పోయి, వేలెడంత పరిగెలు ఇరవై పట్టి తెచ్చి తొట్టెలో వదిలేశాను. రెండు కాదు, ఇరవై. ఇల్లు నిండిపోయింది. ఆ సాయంత్రం గది మధ్యలో చాప వేసుకుని, ఎవరో బంధువులు దిగినట్టు వాటితో మాట్లాడాను కూడా.

బుధవారం అప్ప వచ్చి చూసింది. తట్ట దించడం కూడా మరిచిపోయి గాజు ముందు నిలబడిపోయింది. పుట్టింది మొదలు చేపల మధ్యే బతికింది గానీ, వలలో కొట్టుకునేవీ, తట్టలో పడున్నవీ తప్ప, తన పాటికి తాను ఊరికే నిలబడి ఉన్న చేపను ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక పరిగె గాజు దగ్గరకొచ్చి ఆగింది. అప్ప మెల్లగా అంది, "ఇన్నేల్లూ నాను సేపల్ని సూసినాను గానీ బాబూ, సేప నన్ను సూడ్డం ఇదే." ఆ రోజు ఆమె పాసింజర్ తప్పిపోయేదే, నేనే తరిమాను.

తర్వాతి బుధవారం పొద్దున లేచేసరికి పరిగెలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం గుటకలు వేస్తున్నాయి. నేను చూశాను. చూసి, ఆకలేమోనని ఇంకో చిటికెడు తవుడు చల్లి డ్యూటీకి పోయాను. ఏదో తప్పు జరిగిందని నాకు లోపల తెలుసు, తెలిసే చొక్కా గుండీలు పెట్టుకున్నాను. మధ్యాహ్నం వచ్చేసరికి పదిహేను వెల్లకిలా తేలుతున్నాయి. తొట్టె పక్కన అప్ప, మోచేతి దాకా తడి, పక్కన మూత తీసిన నా ఉప్పు జాడీ. గాలందక కొట్టుకుంటన్నాయని గుప్పెడుప్పు కలిపి చల్లిందట, కొర్రమీనుల్ని బిందెలో ప్రాణంతో సంతకు తెచ్చేవాళ్ళు అలాగే చేస్తారట. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నేను విననే లేదు. తప్పు మోయడానికి ఒక మనిషి ఎదురుగా కనబడింది, అంతే. చేపల్ని చంపి అమ్ముకునేవాళ్ళకు బతికించడం ఏం తెలుస్తుంది అన్నాను. ఆ మాట నేను అరిచి అనలేదు, నెమ్మదిగానే అన్నాను, అందుకే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. అప్ప జాడీకి మూత పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది. ఖాళీ తట్ట నెత్తికెత్తుకుని పోయి, నీడ లేని ప్లాట్‌ఫారం మీద బండి వచ్చేదాకా ఎండలో కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, పిలవలేదు.

నా నిర్వాకం దాచి, ఒక చదువురాని ఆడమనిషి ఉప్పు పోసి నా చేపల్ని చంపేసిందని మాస్టారికి ఉత్తరం రాశాను. ఎన్ని రోజులకు ఎన్ని చేపలు వేశానో, ఎన్ని మిగిలాయో మాత్రం రాయక తప్పలేదు. రెండు వారాలకు కార్డు వచ్చింది. తొమ్మిది రోజుల నీళ్ళలో ఇరవై చేపలు వేస్తే చావకేం చేస్తాయి అని ఒక ముక్క చీవాట్లు. ఆ కింద, అయిదు బతికాయంటే ఆ ఉప్పు చలవే అయి ఉంటుంది, కొత్త నీళ్ళ విషానికి కాస్త ఉప్పు మేలు చేస్తుంది, ఆమెకు నా నమస్కారాలు చెప్పు అని రాశారు. ఆ కార్డు పట్టుకుని బుధవారం సంతంతా తిరిగాను. అప్ప రాలేదు. తర్వాతి బుధవారమూ రాలేదు. వాళ్ళ పల్లె నుంచే వచ్చే ఇంకో ఆమెను అడిగితే, ఇప్పుడు గజపతినగరం సంతకు పోతోందని చెప్పింది.

ఆదివారం ఆమె పల్లెకు పోయాను. ఇసుకలో చేపలు ఆరబోసి కాకుల్ని తోలుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఇంట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. నేను కార్డు చదివి వినిపించాను, మాస్టారి నమస్కారాలతో సహా. ఇంకోసారి చదవమంది. చదివాను. ఆ రోజు పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు చేపల్ని చూశావా అని అడిగింది. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం చూసి చూశానని ఒప్పుకున్నాను.

"అయితే నాను సంపలేదని నీకు తెల్సు. తెల్సే అన్నావు," అంది. "సేపల సంగతి ఒగ్గేయ్. మాము సంపి అమ్ముకునీవోల్లమే, అందులో అబద్దమేటున్నాది? కానీ బాబూ, నీ గుమ్మం కాడ నాను కూకున్నది మంచినీల్లకి కాదు. నీకెవులూ లేరు, నాకూ ఎవులూ లేరు, ఓ గంట కూకుందునని కూకున్నాను. ఆ మాట ఇన్న సెవులతో మల్లీ అక్కడెలాగ కూకుంటాను?"

తప్పయిపోయింది అప్పా అన్నాను. తప్పయిపోయిందిలే, అన్నం తిను అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే, ఎప్పటికైనా తగ్గుతుందని ఆశపడేవాణ్ణి. చేపల పులుసు వేసి పెట్టింది, ఎదురుగా కూర్చుని తినిపించింది, అన్నం ఇలాగ ఉడకాలి అని చెప్పింది. ఎన్ని బతికినాయి అని అడిగితే అయిదని చెప్పాను. బస్సు దాకా తోడొచ్చింది. వస్తావా అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ అయిదు పరిగెల్నీ మాస్టారు చెప్పినట్టు పెంచాను. ఇంకో చేపను వెయ్యలేదు. వారానికి నాలుగో వంతు నీళ్ళు మార్చేవాణ్ణి, అదీ ముందురోజు తోడి నిలవ ఉంచినవి. నాచు తోటలా పెరిగింది, పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. రెండేళ్ళకు నాకు బదిలీ అయినప్పుడు బిందెలో తీసుకెళ్ళి, పట్టిన గెడ్డలోనే వదిలేశాను. ఆ రెండేళ్ళూ ప్రతి బుధవారం పొద్దున తాళంచెవి గుమ్మం పైనే పెట్టి వెళ్ళాను, మధ్యాహ్నం వచ్చి నా చేత్తోనే తీసుకున్నాను. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు నిండింది, మళ్ళీ ఖాళీ అయింది. అప్ప నా వరండాలో కూర్చున్నది లెక్కేసి చూస్తే ఎనిమిది బుధవారాలు, అందులోనూ రోజుకు ఓ రెండు గంటలు. ఇంత పొడుగు జీవితంలోంచి ఎన్నో ఏళ్ళకు ఏళ్ళే గుర్తు లేకుండా పోయాయి గానీ, ఆ పదహారు గంటలు మాత్రం నాకు ఇంకా అయిపోలేదు.