పడుకోబెట్టకూడని ఫైళ్ల సంచి

ఒక బహుమతి ఇస్తే హాలు హాలంతా లేచి నిలబడటం చాలామంది జీవితంలో జరగదు. నా జీవితంలో జరిగింది. లేచి నిలబడటమే కాదు, కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు. కాకపోతే అది మెచ్చుకోవడం కాదు. ఈ సంగతి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు గానీ, మా చెల్లి రోజీ ప్రతి పెళ్లిలోనూ దీనికి సొంత చేర్పులు పెట్టి చెబుతోంది. నేనే చెప్పేస్తే నష్టం కొంత తగ్గుతుంది.

మా మేనత్త సుగుణమ్మగారు రాజోలు దగ్గర ఒక బడికి హెడ్మాస్టరు. మా వంశంలో సగంమందికి చదువూ, మిగతా సగానికి భయమూ నేర్పింది ఆవిడే. రిటైర్మెంటు దగ్గరపడేకొద్దీ ఆవిడ నోట మాట తగ్గిపోయింది. ఒకరోజు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, "వచ్చేనెల్నుంచి ఆ బెల్లు నాకోసం కొట్టరురా ప్రసాదూ. ఇంక నా పని అయిపోయినట్టే," అంది.

అత్తయ్య అలా మాట్లాడటం మేమెవరం వినలేదు. అయిపోలేదని ఆవిడకు గట్టిగా చెప్పే బహుమతి ఒకటి ఇవ్వాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. శాలువాలు అందరూ ఇస్తారు. నేను ఎంకామ్ చదివినవాణ్ణి, ఆలోచించి ఇస్తాను.

ఫోనులో ఒక వీడియో దొరికింది. ఒకావిడ అట్టతో, గులాబీపూల కాగితంతో ఫైళ్లు పెట్టుకునే సంచి చేస్తోంది. నిలువుగా, ముద్దుగా ఉంది. పెన్షను కాగితాలతో ఆఫీసుల చుట్టూ తిరగబోయే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

రాజోలు వెళ్లి ఫ్యాన్సీ షాపులో అడిగితే, పూల కాగితాన్ని పెళ్లిళ్ల సీజను ఊడ్చేసిందన్నారు. మెరిసే ఊదారంగు కాగితం, తెల్ల శాటిన్, వెండి లేసు మాత్రం మిగిలాయి.

"ఇది బాగా పోతుందాండి?" అన్నాను.

"దీనికి సీజనంటూ లేదండి. ఎక్కువగా చర్చీలవాళ్లే పట్టికెళ్తారు, ఆయ్," అన్నారు షాపాయన.

క్రిస్మస్ అలంకరణలకు కాబోలు అనుకున్నాను. సీజను లేని క్రిస్మస్ ఏమిటన్న అనుమానం నాకు రాలేదు.

"ఎవరికండి?" అన్నారాయన.

"మా అత్తయ్యగారికండి."

ఆయన గొంతు తగ్గింది. "ఎప్పుడండి?"

"శుక్రవారం సాయంత్రమండి. దోహా నుంచి వాళ్లబ్బాయి రావాలి. అందుకే ఆగేం."

"ఆగాలి కదండి మరి. కొడుకు చూడకుండా ఎలా అవుద్ది," అంటూ లేసు ఇంకో మూర ఎక్కువ కొలిచి ఇచ్చారు. "మీరు ధైర్యంగా ఉండండి."

చేతిపనికి ధైర్యం అవసరమే కదా అని తలూపి వచ్చేశాను.

మైదా జిగురు ఉడికించి పనిలోకి దిగాను. వీడియోలో ఆవిడ అట్టను అడుగున సన్నగా, పైకొచ్చేకొద్దీ వెడల్పుగా కోసింది. నేనూ అలాగే కోశాను, కాకపోతే అత్తయ్య సర్వీసు పెద్దది కాబట్టి పొడుగ్గా కోశాను. ఫైళ్లు తీసుకోవడం సులువుగా ఉంటుందని ముందువైపు మొత్తం తెరుచుకునేలా మూత పెట్టాను. పైన ఒక్క పిడే ఉంటే బరువుకు ఊడొస్తుందని అటూ ఇటూ పిడులు బిగించాను. కాగితాలు నలగకుండా లోపల దూది పరిచి, మీద తెల్ల శాటిన్ అంటించాను. అంచులకు వెండి లేసు. మాది ప్రార్థనలకు వెళ్లే కుటుంబం కాబట్టి మూతమీద వెండి సిలువ. సిలువ కింద అత్తయ్య పేరు. పేరు కింద ఆవిడ ఉద్యోగంలో చేరిన సంవత్సరం, ఒక చిన్న గీత, దిగిపోతున్న సంవత్సరం.

మీరు తొందరపడి నన్ను తిట్టకూడదు. గోడకు ఆనించి నిలబెట్టినంతసేపూ అది ఫైళ్ల సంచే. నేను దాన్ని పడుకోబెట్టి చూడలేదు, అంతే.

రోజీ మాత్రం దాన్ని చాలాసేపు చూసింది. "అన్నయ్యా, దీన్ని నేనెక్కడో చూసేను."

"వీడియోలో చూసుంటావు."

"వీడియోలో కాదు. ఎండగా ఉంది. జనం చాలామంది ఉన్నారు. గుర్తు రావట్లేదు."

"గుర్తొస్తే చెప్పు."

శుక్రవారం చర్చి పక్క హాల్లో సన్మానం. బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. పిల్లలు అత్తయ్య ఫోటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించి తెచ్చారు. ఆవిడ వెనక బిర్యానీలో ఉప్పు చూస్తోంది కాబట్టి, ఆవిడకు తెచ్చిన దండను అప్పటికి ఫోటోకి వేశారు. కేకు పక్కన కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. నా సంచి మాత్రం ఫ్యాను గాలికి మాటిమాటికీ పడిపోతోంది.

"ఎందుకు బావా అవస్థ," అంటూ ఆ పొద్దున్నే దోహా నుంచి దిగిన అత్తయ్య కొడుకు దాన్ని తీసి, ఫోటో ముందు జాగ్రత్తగా పడుకోబెట్టాడు.

ముందు వరుసలో ఆడవాళ్లు చెంగులు తలమీదికి లాక్కున్నారు.

"గుర్తొచ్చిందన్నయ్యా," అంది రోజీ నా చెవిలో. "సమాధుల తోటలో చూసేను."

నేనూ చూశాను. శవపెట్టె. సైజు కొంచెం తక్కువ గానీ, మిగతా విషయాల్లో ఏ లోటూ లేదు.

లాగేద్దామని కదిలేలోపు పాస్టరుగారు లోపలికొచ్చారు. సఖినేటిపల్లిలో ఒకరి భూస్థాపన ముగించుకుని, ఆలస్యమైందని నేరుగా వచ్చారు. తను వచ్చింది సన్మానానికని ఆయనకు తెలుసు. కానీ కళ్లెదుట ఉన్న సాక్ష్యం అంతకన్నా గట్టిది. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో ఉన్న బావ భుజంమీద చెయ్యి వేశారు.

"ఎప్పుడు బాబూ?"

"పొద్దున్నేనండి," అన్నాడు బావ, విమానం సంగతి అనుకుని.

"అందరం లేచి నిలబడదాం," అన్నారు పాస్టరుగారు.

ప్రార్థన మొదలయ్యాక మా వాళ్లు పక్కన పాక అంటుకున్నా కళ్లు తెరవరు, మధ్యలో నోరెత్తరు. ఈ సహోదరి జీవితం కోసం, ఆమె బోధించిన బిడ్డల కోసం ఆయన దేవుణ్ణి స్తుతించారు. కుటుంబానికి ఓదార్పు అడిగారు. నేనూ చేతులు కట్టుకుని, నాకూ కొంచెం అడిగితే బాగుండుననుకున్నాను. ఈలోగా అత్తయ్య గరిటెతో సహా వచ్చి వెనక నిలబడి కళ్లు మూసుకుందట. చివర్లో అందరికన్నా గట్టిగా "ఆమేన్" అన్నది ఆవిడే.

పాస్టరుగారు కళ్లు తెరిచారు. పునరుత్థానం గురించి ఆయన చాలాసార్లు బోధించారు గానీ, గరిటెతో ఎదురుగా నిలబడగా చూడటం అదే మొదలు.

అత్తయ్య ఆయన్ని చూసింది. దండ వేసిన ఫోటోని చూసింది. బల్ల దగ్గరికొచ్చి మూతమీద పేరు, సంవత్సరాలు మెల్లగా చదివింది. అయిపోలేదని చెబుదామనుకున్న మనిషికి నేను లాంఛనాలన్నీ జరిపించేశాను.

"ఎవర్రా చేసింది?"

రోజీ నన్ను చూపించింది. చెల్లెళ్లు ఉండేదే అందుకు.

అత్తయ్య మూత తీసి, శాటిన్‌ను వేలితో నొక్కింది. "లోపల దూదెట్టేవా?"

"నలగకుండా ఉంటాయని అత్తయ్యా. కాగితాలు."

ఆవిడ పెట్టెను పైనుంచి కిందిదాకా కళ్లతోనే కొలిచింది. "నేనిందులో పట్టను గదరా ప్రసాదూ."

మూత మళ్లీ వేసి, దానిమీద గరిటె పెట్టింది.

"పట్టనంటే ఇంకా చాలా టైముందన్నమాట. పాస్టరుగారూ, ప్రార్థన బాగుందండి. అసలుదానికి అట్టేపెట్టండి. ముందు అందరూ భోజనాలకి లేవండి, చల్లారిపోతున్నాయి," అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఆపడానికి బావ మంచినీళ్లు తేవాల్సి వచ్చింది. ఆ నవ్వు మేం విని చాలా రోజులైంది.

ఆ సంచి ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది. పెన్షను ఆఫీసుకి దాన్నే పట్టుకెళ్లి, బల్లమీద పడుకోబెట్టి ఊరుకునేదట. ఎవరూ రేపు రమ్మనలేదట. బస్సులో కూడా లేచి సీటిస్తున్నారట. ఆవిడ తోటి టీచర్లు తమకూ తలా ఒకటి చేసిపెట్టమని కబురు పంపారు. ఒకాయన తన ఎత్తు కూడా రాసి పంపారు.

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్న మనుషులకు ఇకమీదట నా చేత్తో ఏదీ తయారు చెయ్యను. ఎవరు రిటైరైనా శాలువాయే కొంటాను.

తెల్లది కాకుండా చూసుకుంటాను.