బాబాయి బదులు

బైండింగ్ షాపు మూసుకుని కోర్టుకు రావడం ఆమెకిది ఆరోసారి. రెండో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. పక్కన బాబాయి మాత్రం ఇస్త్రీ చొక్కాలో, పెళ్లికి వచ్చినవాడిలా హుషారుగా ఉన్నాడు.

పిల్లల్లేని ఆమె అక్క తన ఇంటిని ఈమె కూతురికీ తమ్ముడి కొడుక్కీ చెరిసగం రాసి, పంపకం జరిపించే బాధ్యత బాబాయికి అప్పగించింది. అప్పట్లో ఆయన పోస్టుమాస్టరు; ఆయన మాటకు తిరుగులేదు. అక్క పోయి ఏడాది దాటింది. ఆ సంగతే ఆయనకు గుర్తుండటం లేదు. ఇంటి కాగితాలడిగితే, "మీ అక్కని రమ్మను, ఇస్తా" అని బీరువాకు అడ్డం నిలబడేవాడు. పోయిందని చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఏడ్చేవాడు. మూడుసార్లు చూశాక ఆమె చెప్పడం మానేసింది.

"మతిమరుపని డాక్టరు కాగితం పెట్టి, ఆయన బదులు మిమ్మల్ని పెట్టమని అడుగుదామమ్మా" అన్నాడు ప్లీడరు. ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆమె నెలల తరబడి నాన్చింది. తమ్ముడు ప్రాణం తోడేస్తుంటే చివరికి సంతకం పెట్టింది. ఆ తర్వాత అన్నీ వాయిదాలే.

ఈసారి జడ్జిగారు వీలునామా చూపించి అడిగారు. "ఇది మీకు తెలుసాండీ?"

"తెలియకేం! మా పెద్దమ్మాయిది. దగ్గరుండి రాయించింది నేనే."

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?"

బాబాయి ఆమెవైపు తిరిగాడు. "ఎక్కడుందే?"

ఆమె ఆయన దగ్గరికి జరిగింది. "పోయింది కదా బాబాయ్... పోయినేడు."

ఆయన ఏడవలేదు. కాగితం మీద అక్క సంతకాన్ని చాలాసేపు చూశాడు. "మరి ఈ పని నేనింకా ఎందుకు చెయ్యలేదు?"

ప్లీడరు ఫైల్లో తల దూర్చాడు.

"నావల్ల కావట్లేదండీ," అన్నాడు బాబాయి జడ్జిగారితో. "దీనికిచ్చెయ్యండి. ఏ పనీ సగంలో వదలదు."

జడ్జిగారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. మెట్లు దిగుతూ బాబాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కకి చెప్పాలే. సంతోషిస్తుంది."

"చెబుదాం బాబాయ్."

ఇల్లు పిల్లల పేరుకు మారేసరికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. కాగితాలందుకుని, "ఇప్పటికైంది" అన్నాడు తమ్ముడు. వాడితో పోట్లాడే ఓపిక కూడా ఆమెకు లేదు. ఆదివారాలు మాత్రం బాబాయి ఇంటికి వెళ్లేది. ఆయన పేపరు చదువుకుంటుంటే, పక్క మంచం మీద వాలి మధ్యాహ్నందాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయేది.