రెండు నెలవంకలు

మా నాన్నని వీధంతా "మెల్లగా మేస్త్రి" అని పిలిచేది. కుర్చీ ఎప్పటికవుతుంది మేస్త్రీ అని ఎవరడిగినా "మెల్లగా అవుతుంది" అనేవాడు, అందుకని. తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయని తిట్టుకుంటూ పట్టుకెళ్లినవాళ్లే ఏడాది తిరక్కుండా రెండో కుర్చీకి వచ్చేవాళ్లు. మళ్లీ అదే తిరుగుడు, అదే తిట్టు. నేను ఓ మూల కూర్చుని పేము అల్లుకుంటూ ఈ తంతు చూసి నవ్వుకునేదాన్ని. చెక్క పని ఆయనది, కూర్చునే చోట అల్లిక నాది. ఇద్దరికీ కలిపి ఇంటి ముందు ఒక రేకుల షెడ్డు ఉండేది.

వచ్చినవాళ్లు ఫోన్లో బొమ్మలు చూపించేవాళ్లు. ఒకరికి వంపు తిరిగిన కాళ్లు, వాటి కింద పులిగోళ్లు కావాలి. ఇంకొకరికి వీపు నిండా లతలూ పువ్వులూ చెక్కాలి. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకైతే నగిషీ ఏమీ వద్దు, పుల్లల్లాంటి తిన్నని కాళ్లుంటే చాలు. నాన్న అన్నీ ఓపిగ్గా చూసి, "ఇంతకీ కూర్చునేదెవరు?" అని అడిగేవాడు. ఆ మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి, వీపు వంక చూస్తూ నిలబడేవాడు. డాక్టరు కూడా ఇంతసేపు చూడడని అమ్మ దెప్పేది.

కుర్చీ గురించి ఆయన చెబుతుంటే మనిషి గురించి చెబుతున్నట్టే ఉండేది. కాళ్లు, చేతులు, వీపు సరే, అవి అందరికీ కనిపించేవే. వెనక కాలు నేల నుంచి పైదాకా ఒకే చెక్క అయ్యుండాలి, అదే పైకి వెళ్లి వీపుకి అంచవుతుంది. దాన్ని నడిమధ్య అతికితే అది కుర్చీ కాదు, అతుకుల బొంత. కాళ్లని కలిపేవి నాలుగు పట్టెలు. పట్టె కొసని పలచగా చెక్కి, కాలికి తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా చెక్క చీల కొడతారు. ఆ పలచటి కొసని నాన్న నాలుక అనేవాడు. "జిగురు తోడుకేనమ్మడూ. బరువు మొయ్యాల్సింది ఈ నాలుకే. అది ఒక్క పిసరు తగ్గినా కుర్చీ ఊగుతుంది" అనేవాడు. ఇనప మేకు కొట్టడమంటే ఆయన దృష్టిలో అబద్ధమాడటమే.

షెడ్డుకి బోర్డు లేదు. కుర్చీ మీద పేరు వేసుకోవచ్చుగా అంటే "వాళ్లు కొనుక్కున్నది కూర్చోడానికి, నా పేరు చదవడానికి కాదు" అని కొట్టిపారేసేవాడు. అలాగని ఆయనకి పేరు లేకపోలేదు. ముందు కుడికాల్లోకి వెళ్లే నాలుక మీద, బిగించబోయే ముందు, గుండ్రటి ఉలి ఆనించి గోటి అంచంత నెలవంక దించేవాడు. పక్కనే ఇంకోటి. కుర్చీ విప్పితే తప్ప అవి కనిపించవు. ఆయన చేసిన కుర్చీ విప్పాల్సిన పని పడదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ రెండు గీతలే నాన్న జీవితం మొత్తంలో తనకంటూ పెట్టుకున్న గుర్తు.

రెండెందుకంటే, ఒకటి ఆయనది, రెండోది మా బాబాయ్‌ది. తాతయ్య పోయేనాటికి బాబాయ్ ఇంకా నిక్కర్లలోనే ఉన్నాడు. నాన్నే పెంచాడు, నాన్నే రంపం చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి చేసిన మొదటి కుర్చీ మీద నాన్న నెలవంక దించితే, నాదేదీ అని బాబాయ్ మూతి ముడుచుకున్నాడట. సరేనని పక్కన ఇంకోటి దించాడు. అప్పట్నుంచీ ప్రతి కుర్చీకీ రెండూ పడాల్సిందే. బాబాయ్‌కి ఒళ్లొంచే పని ఎప్పుడూ సయించలేదు. పనంతా నేర్చుకుని, రంపం అవతల పారేసి, పెద్దరోడ్డు మీద పాత సామాన్ల షాపు పెట్టాడు. మాట అంత నున్నగా ఉంటుంది కాబట్టి నేను చాటుగా "పాలిష్ బాబాయ్" అనేదాన్ని. "వాడు పని మానేసి ఎన్నాళ్లయింది, ఇంకా వాడి గుర్తెందుకండీ?" అని అమ్మ అడిగితే నాన్న "పని మానేశాడు గానీ తమ్ముడు మానేయలేదు కదే" అన్నాడు.

రెండేళ్ల కిందట బాబాయ్ ఒక పాత కుర్చీ ఆటోలో వేసుకొచ్చాడు. వంపు కాళ్లు, పులిగోళ్లు, వీపులో వీణ ఆకారంలో ఒకే పలక. ఎవరో పెద్దింటివాళ్లదట. ఆరు కుర్చీల సెట్టులో ఐదింటిని చెదలు తినేశాయట. "అచ్చం ఇలాంటివే ఐదు కావాలన్నయ్యా. ఇంకెవరి వల్లా కాదు" అన్నాడు. చెక్క కూడా తనే తెచ్చాడు, పడగొట్టిన ఇంటి టేకు దూలాలు. పాత చెక్కెందుకురా అని నాన్న అడిగితే, "రంగు కలవొద్దూ?" అన్నాడు. ఆ మాట నాన్నకి నచ్చింది. చెక్క పని తెలిసినవాడెవడికైనా నచ్చే మాటే అది.

ఆ ఐదింటి కోసం నాన్న పడ్డ తపన నేను అంతకుముందు చూడలేదు. పాత కుర్చీ పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. ఎవడో ముక్కూమొహం తెలియని పాతకాలం మేస్త్రి ఉలి ఎటు తిప్పాడో వేలితో తడిమి తెలుసుకునేవాడు. అంతటితో ఊరుకున్నాడా? పాతదాని చేతులు జనం అరచేతుల కింద అరిగి నున్నబడి ఉంటే, కొత్తవాటి చేతులూ అలాగే ఉండాలని గోనెగుడ్డతో రోజుల తరబడి రుద్దాడు. పులిగోళ్లు చీపురు తగిలి అరిగినట్టు అరగదీశాడు. నాచేత అల్లికకి టీ డికాషన్ పట్టించాడు. "ఒకటి ముసల్ది, ఐదు పడుచువి అయితే పాపం దానికి నామోషీగా ఉంటుందే" అన్నాడు. జత కలపడమంటే ఆయనకి అంత పిచ్చి. ఆ పిచ్చే మా కొంప ముంచుతుందని నాకు తట్టలేదు.

చివర్లో బిగించే రోజు బాబాయ్ వచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. "కీళ్లు వాచిపోయాయి చూడన్నయ్యా. విడి ముక్కలుగానే ఇచ్చెయ్, అక్కడ నేను బిగించుకుంటాను. నువ్వు నేర్పిన పనేగా" అన్నాడు. నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాడు మళ్లీ కొడతీ ఉలీ పట్టుకుంటానన్నాడని మూడిళ్ల అవతలిదాకా వెళ్లి చెప్పొచ్చాడు. నెలవంకలు దించి, ఐదు కుర్చీల ముక్కల్నీ పాత దుప్పట్లలో చుట్టి, తనే ఆటోలోకి ఎక్కించాడు.

మొన్న వర్షాలప్పుడు ఒక పెద్దావిడ కారు దిగింది. నెమ్మదైన మనిషి, గొడుగు గుమ్మం బయటే వదిలి లోపలికొచ్చింది. డ్రైవరు ఒక కుర్చీ మోసుకొచ్చాడు. వంపు కాళ్లు, పులిగోళ్లు, వీణ వీపు. అల్లిక చూడగానే నా చెయ్యి నాకు తెలిసిపోయింది.

"మీ తమ్ముడుగారి షాపులో ఐదు కొన్నానండీ. నూరేళ్ల నాటివి" అంది ఆవిడ. "ఇదొక్కటి కాస్త ఊగుతోంది. పాతది కదా, వయసుకి అలవుతుందనుకోండి. ఇంకెవరి చేతికీ ఇవ్వొద్దు, మా అన్నయ్యకే చూపించండి అని ఆయనే చెప్పారు."

నాకు అప్పుడర్థమైంది. జత కలపడమూ లేదు, చెదలూ లేదు, పెద్దిల్లూ లేదు. పాతదాన్ని నమూనాగా చూపించి, కొత్తవాటిని పాతవని అమ్మేశాడు. మా నాన్న గోనెగుడ్డతో రుద్దిందంతా ఆ మోసానికి మెరుగు పెట్టడానికే! నేను నోరు తెరవబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మొహంలో ఇంకా కోపం లేదు, అయోమయం ఉంది.

"ఊగుతోందా?" అన్నాడు. మోసపోయాననేదాని కంటే ముందు ఆ మాటే తగిలింది ఆయనకి. తను చేసిన కుర్చీ ఊగడమేమిటి?

"ఇలాంటి పని చేసే చేతులు ఇప్పుడెక్కడున్నాయండీ" అంటూ ఆవిడ కుర్చీ వీపు నిమిరింది. నాన్న తన చేతుల్ని లుంగీకి తుడుచుకున్నాడు.

కుర్చీని బోర్లించి, చీల తొలిచి తీసి, కొడతితో మెల్లగా తట్టాడు. ముందు కుడికాలు సుళువుగా ఊడొచ్చింది, బెజ్జం నిండా ఎండిన జిగురు ముద్ద. నాన్న నాలుకని వెలుతురుకి పెట్టి చూశాడు. నేనూ వంగి చూశాను. నెలవంకలు లేవు. ఒక పక్క చెక్కని చిత్రికతో పలచగా లాగేశారు. గుర్తులు పోయేదాకా చెక్కి, తగ్గిన మందాన్ని జిగురుతో కప్పెట్టారు. ఊగక ఏం చేస్తుంది?

తడిగుడ్డతో గొంతు కోయడమంటే వినడమే, ఆరోజు కళ్లారా చూశాను. "కీళ్లు వాచిపోయాయి చూడన్నయ్యా" అని ముక్కలు పట్టుకెళ్లింది ఇందుకు! నాన్న పేరు చెరిపేశాడు సరే, పక్కనున్నది తనదే కదా. దాన్నీ తనే చెక్కేసుకున్నాడు. నాన్న బొటనవేలు ఆ నున్నటి చెక్క మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికీ ఆ వేలు ఆగలేదు.

చివరికి తలెత్తాడు. "అమ్మా, ఈ కుర్చీ నేను చేశాను. రెండేళ్లయింది" అన్నాడు. ఆయన జీవితంలో ఒక కుర్చీని నాది అని చెప్పుకోవడం అదే మొదలు.

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు, కోప్పడలేదు. జాలిగా నవ్వింది.

"మీ తమ్ముడుగారు ముందే చెప్పారు లెండి. అన్నయ్య చెయ్యి బంగారం, కానీ ఈమధ్య మంచి కుర్చీ ఏది కనిపించినా నేనే చేశానంటున్నాడు, పెద్దవాడైపోయాడు, ఏమీ అనుకోవద్దన్నారు. నేనేం అనుకోనండీ. మా ఇంట్లోనూ ఉన్నారు పెద్దవాళ్లు."

నేను ఊరుకోలేకపోయాను. "ఈ అల్లిక నాదండీ! దీనికి డికాషన్ పట్టించింది నేను!" అని అరిచాను. కన్న కూతురు తండ్రిని వెనకేసుకొస్తోందనుకుందేమో, ఆవిడ నా భుజం తట్టి, సాయంత్రం మీ బాబాయ్ వచ్చి తీసుకెళ్తారని చెప్పి కారెక్కింది. అన్నకి పిచ్చి అని ముందే ముద్ర వేసి, ఆ అన్న దగ్గరికే బాగు చెయ్యమని పంపాడు. ఎంత ధైర్యం! ఆ ధైర్యం వాడికి ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. నాన్న తనని వీధికెక్కించడని వాడికి గట్టి నమ్మకం.

"దీన్ని పొయ్యిలో పెట్టండి" అంది అమ్మ, విషయం విని. ఏడుస్తూనే అంది. నాన్న వినలేదు. టేకు ముక్క నుంచి పలచటి పొర చీరి, నాలుకకి అతికించి, ఆరాక చిత్రిక పట్టాడు. బెజ్జంలో పెట్టి చూశాడు, తీశాడు, మళ్లీ చిత్రిక పట్టాడు. నీళ్లు కూడా అడగలేదు. సరిపోయాక గుండ్రటి ఉలి తీసి, ఒక నెలవంక దించాడు. అలవాటు కొద్దీ ఉలి పక్కకి జరిగింది. చెక్కకి ఆనింది. కొడతి లేచింది, కానీ దిగలేదు. అలా కాసేపు ఉండి, ఉలి పక్కన పెట్టేసి, ఆ ఒక్క గుర్తుతోనే కాలు బిగించి చీల కొట్టాడు.

సాయంత్రం బాబాయ్ వచ్చాడు. వస్తూనే, "ఆవిడ ఫోన్ చేసిందిలే అన్నయ్యా. ఏం చెయ్యను, పాతదంటేనే కొంటారు. ఏదైతేనేం, నీ పనితనం అంత పెద్దింట్లోకి వెళ్లింది, సంతోషించాలి" అన్నాడు, అదే నున్నటి గొంతుతో. నాన్న ఏమన్నా అంటాడేమోనని నేను ఎదురు చూశాను. ఒక్క తిట్టు తిడితే నాకు గుండె బరువు దిగేది.

"కూర్చో" అన్నాడు నాన్న, కుర్చీ చూపించి.

బాబాయ్ కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలి చూశాడు. కుర్చీ రాయిలా నిలబడింది.

"ఊగుతోందా?"

"లేదన్నయ్యా. ఇక ఊగదుగా?"

"ఊగదు. ఈసారి ఒక్కటే దించాను."

బాబాయ్ నవ్వబోయి ఆగిపోయాడు. చెయ్యి తనంతట తనే కిందికి పోయి ముందు కుడికాలు పట్టుకుంది. లోపలున్నది బయటి నుంచి తెలియదని వాడికీ తెలుసు, అయినా తడుముతూనే ఉన్నాడు. మొహంలో పాలిష్ అంతా పోయింది. "అన్నయ్యా..." అన్నాడు, నిక్కర్ల నాటి గొంతుతో.

నాన్న అప్పటికే వీపు తిప్పుకుని ఉలి నూరుకుంటున్నాడు.

"లేవయ్యా. అది ఆవిడ కుర్చీ" అన్నాడు.

తమ్ముణ్ని నాన్న "రా" అనకుండా "అయ్యా" అనడం నేను వినడం అదే మొదటిసారి. బాబాయ్ లేచి నిలబడ్డాడు.